తలుపు మీద చెయ్యి

వంటక్క చేతిని ఫొటో తీసి తలుపుకి అంటించినవాళ్ళకూ, అంటిస్తుంటే చేతులు కట్టుకుని చూసినవాళ్ళకూ కలిపే చెబుతున్నాను. దొంగ దొరికితే పోలీసులైనా వాడి మొహానికి గుడ్డ కప్పుతారు. మీరు ఒక మనిషి అరచేతిని వేలి వంకరతో సహా, దారిన పోయే ప్రతివాడూ చూసేలా పెట్టారు. కింద ఎర్ర అక్షరాలతో 'ఇలాంటి చేతులతో లోపలికి రాకూడదు' అని రాశారు. పైగా చదువుకున్నవాళ్ళు. నీళ్ళు తడిగా ఉంటాయన్నా రుజువు అడిగే రకం. ఆ ఒక్కరోజూ మీ చదువు ఎక్కడ తాకట్టు పెట్టారు?

జరిగింది జరిగినట్టు చెబుతాను. తప్పుంటే అడ్డం పడండి.

వంటక్క అనే పేరు ఆమెకు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గాని, అతికినట్టు సరిపోయింది. ఆ ప్రయోగశాలలో ఆమె వండేది మనుషులకు కాదు, క్రిములకు. సముద్రపు నాచునుంచి తీసిన అగార్ పొడి, చక్కెర, రకరకాల ఉప్పులు తూకం వేసి నీళ్ళలో కలుపుతుంది. గాజు ఫ్లాస్కుల్లో పోసి మూతులకు దూది బిరడాలు బిగిస్తుంది. ఆటోక్లేవ్‌లో పెట్టి ఉడికిస్తుంది. ఆటోక్లేవ్ అంటే నడుమెత్తు ప్రెషర్ కుక్కర్ అనుకోండి. దించిన ఫ్లాస్కును ముంజేతి లోపలి పక్కకు ఆనించి చూసుకుంటుంది. చురుక్కుమనాలి, కాని ఓర్చుకోగలగాలి. అదే అదను. బర్నరు మంట పక్కన కూర్చుని, ప్లేటు మూత ఒక అంచు మాత్రం ఎత్తి, పలచగా ఒంపి, గిర్రున తిప్పి మూసేస్తుంది. అది చల్లారి గడ్డకడితే క్రిములకు కంచం సిద్ధమైనట్టే.

ఇంట్లో అల్లుడు ఆమెను ఏడిపిస్తూ ఉంటాడు. బస్సు డిపోలో మెకానిక్కు. "మా అత్తయ్య అంత శ్రద్ధగా వండగా తినాలంటే క్రిమై పుట్టాలి" అంటాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఆ మాటలో కొంత నిజం ఉందని ఆమెకు తెలుసు. ఇంట్లో కూరలో ఉప్పు చేతికొచ్చినట్టు వేస్తుంది. అక్కడ చిటికెడు తేడా వచ్చినా ఒప్పుకోదు.

ఆమె పోసిన ప్లేట్లలో సగానికి పైగా పురుగులమ్మాయికే పోతాయి. ఆ అమ్మాయి పరిశోధన చేసే విద్యార్థిని. ఎండిపోయి పడిపోయిన మానులను చీల్చి, లోపల చెక్క తింటూ బతికే తెల్లటి లావుపాటి పురుగులను డబ్బాల్లో పెట్టి తెస్తుంది. మంచు ముక్కల మీద పడుకోబెట్టి, అవి కదలడం మానేశాక స్పిరిట్‌తో ఒళ్ళంతా కడిగి, సన్నటి కత్తెరతో కోసి, సూదితో పేగును తడిసిన దారంలా బయటికి లాగుతుంది. వట్టి చెక్క తిని ఏ పురుగైనా అంత లావెక్కుతుందా? దాని పేగులో ఆ చెక్కను అరిగించి పెట్టే క్రిమి ఏదో ఉండి తీరాలి. అదేమిటో పట్టుకోవాలి. ఆ అమ్మాయి చదువంతా ఆ పేగు చుట్టూనే తిరుగుతోంది.

పట్టుకుంది కూడా. ప్లేటు మీద మంచు బిందువుల్లాంటి చుక్కలు మొలిచాయి. వాటి జన్యువును చదివిస్తే, ఇంతవరకు తెలిసిన ఏ క్రిమితోనూ సరిపోలేదు. దగ్గరి చుట్టాలున్నారు గాని సొంత కుటుంబం ఎక్కడా లేదు. అంటే లోకంలో ఎవరూ ఇంకా పేరు పెట్టని క్రిమి. ఆ రోజు గది గదంతా ఎగిరి గంతులేసింది. విషయం సగం సగమే అర్థమైనా వంటక్క కూడా సంబరపడింది. తన కంచంలో తిన్న బిడ్డే కదా.

చిక్కు తర్వాత వచ్చింది. కొత్త క్రిమికి పేరు పెట్టాలంటే దాన్ని ఒంటరిగా, ఇంకే క్రిమీ కలవకుండా పెంచి చూపాలి. అలా పెంచినదాన్ని వేరు వేరు దేశాల్లోని రెండు నిల్వశాలల్లో ప్రాణంతో దాచాలి. ఈ చుక్కను తీగ కొసతో తీసి కొత్త ప్లేటు మీద గీస్తే మొలవడం లేదు. మొలిస్తే దాని పక్కన పసుపుపచ్చటి బొట్టొకటి లావుగా వచ్చి కూర్చుంటోంది. ఎన్నిసార్లు గీసినా ఇదే తంతు. పసుపు వస్తే చుక్క వస్తుంది. పసుపును పక్కకు తోస్తే చుక్కా పోతుంది.

ఆ ప్రయోగశాలకు అధికారిని అందరూ పెద్దసారంటారు. ఆయన ప్లేటును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇది పురుగులోనుంచి వచ్చింది కాదు, బయటినుంచి పడింది, అన్నాడు. బయటినుంచంటే గాలిలోనుంచైనా పడాలి, చేతిలోనుంచైనా పడాలి. గాలి వడపోసిన గాలి. ఇక మిగిలింది చెయ్యి.

"ఈ ప్లేట్లు ఎవరు పోశారు?" అని అడిగాడు. ఎవరు పోస్తారో ఆయనకు తెలియక కాదు.

వంటక్కను పిలిచారు. ఆమె ఫ్లాస్కులు కడుగుతున్నదల్లా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఒక కొత్త ప్లేటు మూత తీసి, చెయ్యి దాని మీద మెల్లగా ఆనించమన్నారు. ఆనించింది. తను పోసిన ప్లేటే. మెత్తగా, చల్లగా తగిలింది. ఇన్నేళ్ళలో దాన్ని ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు. ముట్టుకోకూడదనేదే ఆమె మొదట నేర్చుకున్న పాఠం. పురుగులమ్మాయి ప్లేటు అడుగున మార్కరుతో 'వంటక్క' అని రాసి, వెచ్చటి పెట్టెలో పెట్టింది. ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

రెండు రోజులు పోయాక అందరినీ పిలిచి మూత తీశారు.

వంటక్క తన చేతిని తను పోల్చుకుంది. చిటికెన వేలు కొంచెం వంకర, అదీ అలాగే వచ్చింది. అయిదు వేళ్ళూ, అరచేతి గట్టూ ఉన్నచోట ఉన్నట్టు క్రిములు మొలిచి ఉన్నాయి. తెల్లవి, బూడిద రంగువి, నూనె బొట్టులా మెరిసేవి. చూపుడువేలి చివర, బొటనవేలి మొదట్లో పసుపుపచ్చటివి. అది తన చెయ్యేనా అని ఒకసారి కిందికి చూసుకుంది. కింద ఉన్న చెయ్యి మామూలుగానే ఉంది. పైన ఉన్న చెయ్యి పాచిపట్టిన గోడలా ఉంది.

"ఇదిగో పసుపు" అన్నాడు పెద్దసారు. అరవలేదు. అరిచి ఉంటే ఆమె ఏదైనా అనగలిగేదేమో.

"సబ్బుతో కడుక్కునే పోస్తానండీ" అంది.

"కడుక్కుంటే ఇది ఎక్కడిదమ్మా?"

దానికి ఆమె దగ్గర జవాబు లేదు. ఆ గదిలో ఎవరి దగ్గరా లేదు. కాని జవాబు లేదన్న నేరం మాత్రం ఆమె ఒక్కదానికే అంటింది. సాయంత్రానికల్లా ఆ ప్లేటు ఫొటో, ఆమె క్రిములకు మేత వండే వంటగది తలుపెక్కింది. వంటగదికి వేరే తాళం పడింది. ఆమెను పురుగుల గదికి మార్చారు. డబ్బాల్లో పాత చెక్కపొట్టు తీసి కొత్తది నింపడం పని. ఉద్యోగం తీసెయ్యలేదు కదా అని పొడుగబ్బాయి ఓదార్చాడు. వాడూ విద్యార్థే. ఆ ఫొటోకి నాలుగు మూలలా టేపు అంటించిందీ వాడే.

*

ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయేసరికి పసిపిల్ల ఏడుస్తోంది. కూతురికి తొలికాన్పు, ఇంకా పూర్తిగా తేరుకోలేదు. రోజూ అమ్మ రావడం, కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని స్నానం చేయించడం, అప్పుడు కూతురు కాస్త నడుం వాల్చడం అలవాటు.

"వచ్చావా, రా. నీళ్ళు కాచి ఉంచాను" అంది కూతురు.

వంటక్క గుమ్మం దగ్గరే ఆగింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇవాళ పిల్లకు నువ్వే పొయ్యి, నాకు ఒంట్లో బాగాలేదు అంది. కూతురు వచ్చి నుదురు పట్టుకు చూడబోతే వెనక్కి జరిగింది. కూతురికి కోపమొచ్చింది. ఒంట్లో బాగాలేనిదానివి పెరట్లో అంతసేపు చేతులెందుకు తోముతున్నావని అడిగింది. వంటక్క గిన్నెలు తోమే పీచు తీసుకుని గోళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్యలో, మణికట్టు దాకా రుద్దుతూనే ఉంది. ఎంత రుద్దితే పోతుందో తెలిస్తే అంతే రుద్దేది. అదే తెలియడం లేదు.

మర్నాడు బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్ళలో చేతులు ముంచింది. ఆ తర్వాత రోజు చర్మం పగిలింది. పిల్ల బట్టలు మడతపెట్టడం మానేసింది. తన పళ్ళెం, తన గ్లాసు విడిగా పెట్టుకుంది. అలా చేస్తున్నప్పుడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఏమని చెబుతుంది? నా చెయ్యి తలుపు మీద ఉందని చెబుతుందా?

అల్లుడు డిపోనుంచి గ్రీజు చేతులతో వచ్చాడు. కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి కడుక్కుని, గోళ్ళలో నలుపు అలాగే ఉండగా పిల్లను ఎత్తుకుని గాల్లో ఆడించాడు. పిల్ల కేరింతలు కొట్టింది. వంటక్క చూస్తూ కూర్చుంది. ఆ నల్లటి గోళ్ళు పిల్ల బుగ్గ మీద ఆడుతుంటే ఆమెకు భయం వెయ్యలేదు. తన తెల్లగా పాలిపోయిన వేళ్ళను చూస్తేనే భయం వేసింది.

అతనికి ఏదో అర్థమైంది. పక్కన కూర్చుని మెల్లగా ఒక్కో మాటే లాగాడు. అంతా విన్నాక తన అరచేతులు చాపి చూపించాడు.

"నా చేతికి గ్రీజు ఉంటే కనబడుతుంది, పోతే తెలుస్తుంది. మీరు కనబడనిదాన్ని కడుగుతున్నారు. ఇంక దానికి అంతెక్కడుంటుంది అత్తయ్యా?"

"ప్లేటులో కనబడింది బాబూ. నా కళ్ళతో చూశాను."

అతను తల గోక్కున్నాడు.

పురుగుల గదిలో ఆమెకు బోలెడంత తీరిక. డబ్బా మూత తీస్తే చెక్కపొట్టులో పురుగు మెలికలు తిరుగుతూ కనిపించేది. ఆమె దాన్ని చెంచాతో ఎత్తి కొత్త పొట్టులోకి వేసేది. వెయ్యబోతూ ఆగేది. దీని కడుపులో క్రిమి ఉంటే పండగ చేసుకున్నారు, నా చేతి మీద క్రిమి ఉంటే తలుపుకి అంటించారు, ఏమిటే నీ గొప్ప, అని అడగాలనిపించేది. ఒక క్రిమికి చక్కెర పెట్టి, వెచ్చగా పడుకోబెట్టి, బతకలేదని ఏడుస్తారు. ఇంకో క్రిమిని చూసి ముక్కు మూసుకుంటారు. ఏది బిడ్డ, ఏది పీడ అన్నది ఎవరు తేలుస్తారు? ఎంత ఆలోచించినా ఆమెకు కొస దొరకలేదు. ఫ్లాస్కులు కడిగేటప్పుడు ఇలాంటి ఆలోచనలు వచ్చేవి కావు.

*

వంటగదికి తాళం పడ్డాక ప్లేట్లను కంపెనీనుంచి తెప్పించారు. ప్లాస్టిక్ సంచుల్లో, మనిషి చెయ్యి తగలకుండా యంత్రం పోసినవి. పురుగులమ్మాయి వాటి మీద కొత్త పురుగు పేగును రాసింది. మూడో రోజు పెట్టె తెరిస్తే పసుపు ఉంది. పసుపు పక్కన చుక్కలున్నాయి.

ఆ అమ్మాయి ఆ ప్లేటు పట్టుకుని తిన్నగా పురుగుల గదికి వచ్చి, స్టూలు మీద కూలబడింది.

"అక్కా, నువ్వు పొయ్యని ప్లేట్లలోనూ పసుపు వచ్చింది."

వంటక్క చెంచా ఆపింది. "అయితే కంపెనీవాళ్ళు కూడా చేతులు కడుక్కోరా అమ్మాయిగారూ?"

అమ్మాయికి నవ్వు వచ్చింది, అంతలోనే ఆగిపోయింది. తెలియదు, తనకూ ఏమీ అర్థం కావడం లేదంది. పేగు రాయని కంపెనీ ప్లేట్లు అద్దంలా ఉన్నాయట. అంతకుముందు వంటక్క పోసినవాటిలో వాడకుండా మిగిలినవీ అద్దంలానే ఉన్నాయట. పేగు రాస్తేనే పసుపు వస్తోంది. ఆ సంగతి మొదటినుంచీ తన కళ్ళెదుటే ఉందని, చూసి కూడా పెద్దసారు చెప్పిందే నమ్మానని గొణిగింది. ఆ మాట అంటూ వంటక్క చేతుల వైపు చూసింది. పగుళ్ళలో నెత్తురు చారలు గట్టిపడి ఉన్నాయి. అమ్మాయి చటుక్కున కళ్ళు తిప్పుకుని ప్లేటు చూడటం మొదలుపెట్టింది.

అలా చూస్తూ చూస్తూ ముందుకు వంగింది. పసుపు బొట్టుకు దగ్గరగా ఉన్న చుక్కలు లావుగా ఉన్నాయి. దూరం పోయేకొద్దీ చిన్నవవుతున్నాయి. మరీ దూరాన అసలు లేవు. నెగడు చుట్టూ చలి కాచుకునేవాళ్ళు కూర్చున్నట్టు కూర్చున్నాయి.

"ఇది పసుపును పట్టుకుని బతుకుతోంది" అంది తనలో తను.

ఆ తర్వాత కొన్ని రోజులు ఆ అమ్మాయి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పసుపు క్రిమిని విడిగా నీళ్ళ మేతలో పెంచింది. ఆ నీళ్ళను క్రిమి అన్నది మిగలకుండా సన్నటి జల్లెడలో వడపోసింది. వట్టి ఆ నీళ్ళు కలిపిన ప్లేటు మీద చుక్కను గీసింది. చుక్క ఒంటరిగా, పక్కన ఏ పసుపూ లేకుండా, ప్లేటు నిండా మొలిచింది. పసుపు క్రిమి వదిలేదేదో తింటే తప్ప అది బతకదన్నమాట. రెండూ ఆ పురుగు కడుపులో ఎప్పటినుంచో కలిసి కాపురం చేస్తున్నాయి. వంటక్క చేతి మీద మొలిచిన పసుపు జన్యువును కూడా ఆ అమ్మాయి చదివించింది. అది వేరు, ఇది వేరు. ఒకే రంగు చొక్కా వేసుకున్నంత మాత్రాన ఇద్దరూ ఒక ఇంటివాళ్ళవుతారా?

*

పెద్దసారు గదిలో మళ్ళీ అందరూ చేరారు. ఈసారి నవ్వులే నవ్వులు. కొత్త క్రిమికి పేరేం పెట్టాలన్నదే చర్చ. చెక్క పేరు కలిసేలా పెడదామని ఒకరు, పురుగు పేరు కలిసేలా పెడదామని ఒకరు. సారు పేరే పెడితే పోలా అన్నాడు పొడుగబ్బాయి. పేగులో ఉండేదానికా, అని ఎవరో అన్నారు. పెద్దసారు కూడా నవ్వాడు.

వంటక్కను పిలిపించారు. ఆమె గుమ్మం దగ్గర నిలబడింది, చేతులు వెనక్కే ఉన్నాయి.

రేపటినుంచి నీ వంటగదికి వచ్చెయ్, పసుపు పురుగుదేనని తేలింది, ఏదో అలా జరిగిపోయింది, మనసులో పెట్టుకోకు, అన్నాడాయన. మంచిగానే అన్నాడు. అని మళ్ళీ పేర్ల కాగితం వైపు తిరిగాడు.

వంటక్క కదల్లేదు.

"సారూ, మరి నా చేతి మీద మొలిచిందేమిటండీ?"

"అది అందరికీ ఉండేదేనమ్మా. మనిషన్నాక చర్మం మీద క్రిములుంటాయి."

"అందరికీనా?"

"అందరికీ."

"మీకు కూడానాండీ?"

గదిలో నవ్వు ఆగింది. ఆమె వెటకారంగా అడగలేదు. అది ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది. తెలియక అడిగింది.

"నేను మా మనవరాలిని ముట్టుకుని ఎన్ని రోజులైందో సారూ. ఎంత కడుక్కుంటే ఎత్తుకోవచ్చో నాకు తెలియట్లేదు. శుభ్రమైన చెయ్యి ఎలా ఉంటుందో ఒక్కసారి చూపించండి. అలా వచ్చేదాకా కడుక్కుంటాను."

పురుగులమ్మాయి లేచి బయటికి పోయి, ప్లేట్ల దొంతర తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటి ప్లేటు మూత తీసి తన చెయ్యి ఆనించింది. అడుగున తన పేరు రాసింది. పొడుగబ్బాయి ఒకసారి పెద్దసారు వైపు, ఒకసారి తలుపు వైపు చూసి, తనూ ఆనించాడు. తర్వాత ఒక్కొక్కరే. సబ్బుతో కడుక్కుని వస్తానన్నవాళ్ళను అమ్మాయి ఆపలేదు. కడుక్కునే రండి, అక్క కూడా కడుక్కునే పోసేది, అంది.

చివరి ప్లేటు మీద 'పెద్దసారు' అని రాసి ఆయన ముందుకు జరిపింది. సరిగ్గా అప్పుడే ఆయనకు ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ లేచాడు. అక్కడ ఉంచండి, వచ్చి వేస్తాను, అని చెయ్యి ఊపి వెళ్ళాడు. ఆ సాయంత్రం మళ్ళీ రాలేదు. ప్లేట్లన్నీ పెట్టెలోకి పోయేటప్పుడు అదీ వాటితోనే పోయింది. దాన్ని బయటికి తీసి పక్కన పెట్టే బాధ్యత ఎవరూ నెత్తిన వేసుకోలేదు.

పెట్టె తెరిచిన రోజు వంటక్కను ముందుకు రానిచ్చారు. ఆమె ఒక్కొక్క ప్లేటూ తీసి వెలుతురులో పెట్టి చూసింది. పురుగులమ్మాయి సన్నటి వేళ్ళ నిండా తెల్లటివి. అరచేతి మధ్యలో పసుపుపచ్చవి, తన చేతి మీదకన్నా ఎక్కువ. పొడుగబ్బాయి చెయ్యి మీద బూజు కూడా మొలిచింది. సబ్బుతో కడుక్కుని వచ్చినవాళ్ళవి ఇంకా దట్టంగా ఉన్నాయి, కడిగితే చర్మం లోతుల్లోవి పైకి తేలతాయట. ఆమె ఒకటి చూస్తూ, పక్కదానితో పోల్చుకుంటూ, తన చేతులు ఎప్పుడు ముందుకు వచ్చాయో చూసుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది. ఏ సంగతికి ఏది వచ్చిందో ఆమెకే తెలియలేదు.

చివరి ప్లేటు తీసింది. దాని మీద ఏమీ లేదు. ఒక్క చుక్కయినా లేదు. అద్దంలా ఉంది.

"మనందరిలోకీ శుభ్రమైన చెయ్యి సారుదే" అన్నాడు పొడుగబ్బాయి. ఎవరూ నవ్వలేదు. వంటక్క దాన్ని తిప్పి తిప్పి చూసింది. అది తను పోసిన ప్లేటు కాదు గాని, బాగానే పోశారు అనుకుంది. ఇన్నాళ్ళూ తను వెతికింది ఇదే. ముట్టుకోని ప్లేటు ఇలాగే ఉంటుంది. ముట్టుకున్న చెయ్యి ఏదీ ఇలా ఉండదు.

ఆ సాయంత్రం గుమ్మంలో ఆగకుండా లోపలికి వెళ్ళింది. మామూలు సబ్బుతో ఒక్కసారి చేతులు కడుక్కుంది. కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లను ఇటు తెమ్మని కూతురితో అంది. పగిలిన చేతులకు వేడినీళ్ళు చురుక్కుమన్నాయి. ఓర్చుకోగలిగినంతే. ముంజేతి లోపలి పక్కన నీళ్ళు చూసుకుని, పిల్ల వీపు మీద చెంబు మెల్లగా ఒంపింది.

వంటక్క కథ ఇంతవరకే. మీ కథ ఇంకా అవలేదు. వంటగది తాళం తీశారు, తలుపు మీది ఫొటో తియ్యలేదు. ఆమె రోజూ తన చేతిని తనే తోసుకుని లోపలికి పోతోంది. ఇప్పుడు హడావుడిగా దాన్ని చింపేస్తే ఒప్పుకోను. చింపితే ఆమె చెయ్యి పోతుంది, మీరు చేసింది ఉండిపోతుంది. ఇవాళే మీ అందరి ప్లేట్లనూ ఫొటో తియ్యండి. దాని పక్కనే, అదే ఎత్తులో, పేర్లతో సహా అంటించండి. కింద ఉన్న ఎర్ర రాతను మీ చేతులతోనే కొట్టెయ్యండి. ఆమె చెయ్యి మురికి అని ఏ గదిలో, ఎవరి ముందు అన్నారో, ఆ గదిలోనే, వాళ్ళందరి ముందే, తప్పు మాదని చెప్పండి. పెద్దసారూ, మీ ప్లేటు ఇంకా బల్ల మీదే ఉంది. ఫోన్ పక్కన పెట్టి, దాని మీద చెయ్యి పెట్టండి.